ఆషాఢంలో విమానాల బేరం

2023 జూన్‌లో, పారిస్ విమాన ప్రదర్శన జరుగుతున్న రోజుల్లో, మా బావమరిది పత్రిక చేతబట్టుకుని ఇంటికి వచ్చాడు. "బావా, చూశావా! మన ఇండిగో ఒక్క దెబ్బకు 500 విమానాలు కొనేసింది. నాలుగు లక్షల కోట్ల పైచిలుకట!" అన్నాడు. "మన" అన్నచోట నాకు ఒక అభ్యంతరం, "కొనేసింది" అన్నచోట మరొకటి, ఆ నాలుగు లక్షల కోట్ల దగ్గర ఇంకొకటి. ఆ పూట గంటసేపు వాదించాను. అతడు ఒప్పుకోలేదు. చవక విమానయానం మీద భక్తి ఉన్నవారెవరూ అంత సులభంగా ఒప్పుకోరని ఆ తరువాత తెలిసివచ్చింది. అందుకే ఈ టపా.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. మన బట్టల దుకాణాలకు ఆషాఢమాసం ఎటువంటిదో వేరే చెప్పనక్కర్లేదు. పెళ్ళిళ్ళుండవు, కొత్తకోడళ్ళు పుట్టిళ్ళకు వెళ్ళిపోతారు, సరుకు కదలదు. అప్పుడు చీరకు ఎనిమిది వేలని చీటీ అంటించి, ఆ అంకెను అడ్డంగా కొట్టివేసి, కింద నాలుగు వేలని రాస్తారు. కొట్టివేసిన అంకెను ఏనాడూ ఏ ఇల్లాలూ చెల్లించి ఉండదు. అది ఉన్నది కొట్టివేయడానికే. విమానాల పట్టీధర అచ్చంగా అదే. ఎయిర్‌బస్ సంస్థ చివరిసారి ధరల పట్టీని ప్రకటించింది 2018లో. అందులో ఎ320 నియో ధర 11.06 కోట్ల డాలర్లు. ఆ తరువాత ప్రకటించడమే మానివేసింది. 2023లో మన పత్రికలవారు ఐదేళ్ళ నాటి ఆ కొట్టివేత అంకెను పట్టుకుని, 500తో హెచ్చవేసి, రూపాయల్లోకి మార్చి, మొదటి పేజీలో అచ్చువేశారు. పెద్ద ఆర్డరు పెట్టేవారు చెల్లించేది ఆ ధరలో సగానికి అటూ ఇటూ ఉంటుందని విమానాల విలువ కట్టే వృత్తిలో ఉన్నవారు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. అసలు ధర కొన్నవాడికి, అమ్మినవాడికి తప్ప మూడోవాడికి తెలియదు. తెలియకూడదనే షరతు ఒప్పందంలోనే ఉంటుంది.

"ధర ఎంతైతే మనకేమిటి? వాళ్ళ డబ్బు, వాళ్ళ బేరం" అనేవారున్నారు. నేను వాదించదలచినది సరిగ్గా ఆ మాటతోనే. ఆ బేరంలో తేలేది ధర ఒక్కటే అయితే నాకూ పేచీ లేదు.

విమానాల ఆర్డరు అంటే సంతలో ఎద్దుల జతను కొనడం వంటిది కాదు. సంతకం పెట్టిన రోజున చేతులు మారేది చిన్న బయానా. చేతికి రావడానికి సుమారు రెండేళ్ళ ముందునుంచి వాయిదాలు మొదలవుతాయి. మిగిలిన పెద్ద మొత్తం విమానం అప్పగించే రోజున. కనుక 500 విమానాల ఆర్డరు అంటే 500 విమానాలు కావు, కర్మాగారం ముందు వరుసలో 500 చోట్లు. ఆ చోటుతోపాటు అనేక హక్కులు వస్తాయి: ఎ320కి బదులు పెద్దదైన ఎ321 తీసుకునే హక్కు, రోజులు బాగాలేకపోతే వెనక్కు జరుపుకునే హక్కు, ఇదే ధరకు మరికొన్ని కోరే హక్కు. ఏటేటా కూలీ, ముడిసరుకుల సూచీలను బట్టి ధర పెరిగే సూత్రం ఒకటుంటుంది. తెలివైన కొనుగోలుదారు మొదటి ధర కన్న ఈ సూత్రానికి వేసే గరిష్ఠ హద్దు మీద ఎక్కువ పోట్లాడతాడు, ఎందుకంటే విమానం వచ్చేది ఎనిమిదేళ్ళకో పదేళ్ళకో. తగ్గింపులో కొంత భాగం నేరుగా ధర తగ్గించి ఇవ్వరు. విడిభాగాల ఖాతాలోనో, పైలట్ల శిక్షణ ఖాతాలోనో జమ వేస్తారు. ఇంత ఇంధనానికి మించి తాగదని హామీ, ఇన్నిసార్లకు ఒకసారికన్న ఎక్కువ మొరాయించదని హామీ, తప్పితే పరిహారం.

ఇంజన్లది మరో బేరం, మరో అమ్మకందారు. ఎ320 నియోకు రెండు రకాల ఇంజన్లున్నాయి గనుక అక్కడ పోటీ గట్టిది. ఇంజన్ల తయారీదారు ఇంజనును దాదాపు కారుచౌకగా ఇచ్చి, తరువాతి ఇరవై ఏళ్ళ మరమ్మతుల మీద, ఎగిరిన ప్రతి గంటకూ ఇంత అని వసూలు చేసుకుంటాడు. ప్రింటరు చవక, సిరా ఖరీదు అన్నమాట.

ఇప్పుడు కౌలు సంగతి. లీజు అనే మాటను అందరూ అలాగే వాడుతున్నారు గానీ, కౌలు అనే చక్కని మాట మనకుంది. నేను అదే వాడతాను. చవక విమానసంస్థ సగం ధరకు దక్కించుకున్న విమానాన్ని, అది చేతికి వచ్చిన రోజునే, విమానాలను కొని కౌలుకిచ్చే సంస్థకు కాస్త ఎక్కువ ధరకు అమ్మివేసి, అదే విమానాన్ని కౌలుకు తీసుకుంటుంది. ఉదాహరణకు పట్టీధర నూరు రూపాయలనుకుందాం. నలభై ఐదుకు కొని, యాభైకి అమ్మి, నెలనెలా కౌలు కడుతుంది. ఐదు రూపాయలు చేతిలో మిగులుతాయి, 2019కి ముందైతే అప్పు పుస్తకంలో కనిపించేది కాదు, ఆరేళ్ళు తిరిగేసరికి పాత విమానాన్ని తిరిగి ఇచ్చివేసి కొత్తది తెచ్చుకోవచ్చు. మన పల్లెల్లో పొలం అమ్ముకుని, అమ్మిన పొలాన్నే కౌలుకు దున్నుకునేవాడిని చూస్తే చితికిపోయాడని జాలిపడతాం. ఆకాశంలో అదే పని చేసేవాడిని మేధావి అంటున్నాం! ఇండిగో తన తొలి ఆర్డరులోని విమానాల్లో అధికభాగాన్ని ఈ పద్ధతిలోనే నడిపింది. "మన ఇండిగో" విమానాల సొంతదారుల్లో చాలామంది చిరునామాలు ఐర్లండు వంటి దేశాల్లో ఉంటాయి. నేను దీన్ని తప్పనడం లేదు. కానీ కొనడం వేరు, వరుసలో చోటు సంపాదించి ఆ చోటు విలువను సొమ్ము చేసుకోవడం వేరు. ఆ తేడా తెలియకపోతే తరువాతి కథ అర్థంకాదు.

ఆషాఢమాసం ఎప్పుడో కనిపెట్టడమే ఈ బేరంలో అసలు విద్య. 2001 సెప్టెంబరు 11 తరువాత ప్రపంచమంతా విమానం ఎక్కడానికి భయపడుతున్న వేళ, పెద్ద సంస్థలు ఆర్డర్లు రద్దు చేసుకుంటున్న వేళ, 2002 జనవరిలో ఐర్లండుకు చెందిన రయానెయిర్ 100 బోయింగ్ 737-800లకు ఖాయంగాను, మరో 50కి ఐచ్ఛికంగాను ఆర్డరు పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో, అప్పటిదాకా బోయింగ్‌లు మాత్రమే నడిపిన ఈజీజెట్ 120 ఎ319లకు ఎయిర్‌బస్‌ను ఎంచుకుంది. దుకాణదారు అలవాటైన ఖాతాదారుకు కొసరు వేయడు. పక్క దుకాణం నుంచి లాక్కురాదగినవాడికి వేస్తాడు. ఒకే రకం విమానం నడపడం చవక సంస్థల ప్రాణసూత్రం: ఒకే శిక్షణ, ఒకే విడిభాగాల గిడ్డంగి, ఏ పైలట్‌నైనా ఏ విమానంలోనైనా కూర్చోబెట్టవచ్చు. కానీ ఆ సూత్రమే బేరంలో మెడకు ఉరి అవుతుంది. నువ్వు వేరే దుకాణానికి పోలేవని అమ్మేవాడికి తెలుసు. అందుకే రయానెయిర్ 2011లో చైనా తయారీదారు కోమాక్‌తో కూడా ఒక అవగాహన పత్రం మీద సంతకం చేసింది. చైనా విమానం కొనలేదు. 2021 సెప్టెంబరులో, ధర కుదరలేదంటూ మాక్స్ 10 చర్చలను బాహాటంగా తెగతెంపులు చేసుకుంది. 2023 మే నెలలో అవే మాక్స్ 10లను, ఐచ్ఛికాలతో కలిపి 300, పట్టీధరలో 4,000 కోట్ల డాలర్ల విలువైనవి, కొంటున్నానని ప్రకటించింది. దుకాణం మెట్లు దిగి మళ్ళీ ఎక్కడం మనవాళ్ళకే తెలుసనుకుంటాం గానీ, ఆ విద్య సార్వజనీనం.

మన దగ్గరికి వద్దాం. 2005 జూన్‌లో, ఇంకా ఒక్క విమానం లేని, ఒక్క ప్రయాణికుడిని ఎక్కించని ఇండిగో, పారిస్‌లో 100 విమానాలకు ఆర్డరు ప్రకటించింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత సరిగ్గా సరిపోయేది. ఆ సంస్థ తొలిసారి ఎగిరింది 2006 ఆగస్టులో. సోమలింగాలు మాత్రం వరుసగా పుడుతూ వచ్చారు, నూరవది 2014లో చేతికొచ్చింది. వ్యవస్థాపకుల్లో ఒకరైన రాకేశ్ గంగ్వాల్, 1990ల చివర యు.ఎస్. ఎయిర్‌వేస్ ఎయిర్‌బస్‌కు 400 దాకా విమానాల ఆర్డరు ఇచ్చిన రోజుల్లో అక్కడి పెద్దల్లో ఉన్నవారు. బేరసారాల లోగుట్టు అమ్మేవాడికి ఎంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు. తరువాత 2011లో 180, 2015లో 250, 2019లో 300, 2023లో 500.

ఇక రెండో సోమలింగం కథ. ఇది మన విజయవాడది. బహుశా చాలామంది మరచిపోయి ఉంటారు. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో ఎయిర్ కోస్టా అనే సంస్థ మొదలైంది. చిన్న ఎంబ్రాయర్ జెట్లతో, చిన్న ఊళ్ళను కలుపుతాననే ఆశయంతో. నాలుగే విమానాలు, అవీ కౌలువి. 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ప్రదర్శనలో 50 ఎంబ్రాయర్ ఇ2 జెట్లకు ఖాయంగా ఆర్డరు ప్రకటించింది. పట్టీధరలో 294 కోట్ల డాలర్లు. తెలుగు పత్రికలు ఆనాడు ఎంత మురిసిపోయాయో! తొలి విమానం 2018లో రావలసి ఉన్నది. 2016 ఆగస్టులో కౌలు బకాయిల వివాదంతో విమానాలు ఆగాయి. 2017 ఫిబ్రవరి చివర శాశ్వతంగా ఆగిపోయాయి. యాభైలో ఒక్కటీ రాలేదు.

రెండు సోమలింగాల మధ్య తేడా ఏమిటి? "ఒకరికి క్రమశిక్షణ ఉంది, మరొకరికి లేదు" అనే జవాబు వ్యాపార పత్రికల్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అందులో కొంత నిజమున్నది. కానీ అంతకన్న పెద్ద నిజం మరొకటి. నూరు విమానాల బేరం ఇచ్చే ధరను యాభై విమానాల బేరం ఇవ్వదు. ఎ320కి ప్రపంచమంతటా గిరాకీ ఉంది గనుక కౌలుసంస్థలు ఎగబడి కొంటాయి. గిరాకీ తక్కువ ఉన్న చిన్న జెట్లకు అలా ఎగబడరు. పైగా 2014కల్లా మొదటివాడు వరుసలో వందలాది చోట్లు పట్టుకుని కూర్చున్నాడు. భోజనం పెట్టకుండా, గంటకు ముందే వెనక్కు తిప్పి ఎగరేసి పొదుపు చేశారనే కథ అందరికీ తెలుసు. అది అబద్ధం కాదు. కానీ చవక టికెట్టు పుట్టేది వంటగదిని మూసివేయడంలో కన్న, ఇరవై ఏళ్ళ క్రితం పారిస్‌లో జరిగిన బేరంలో ఎక్కువ. ఆ బల్ల దగ్గర కుర్చీ దొరకనివాడు ఇడ్లీలు మానేసినా, నీళ్ళకు డబ్బు వసూలు చేసినా నెగ్గలేడు.

ఇంతవరకూ చెప్పినది డబ్బు సంగతి. ప్రాణాల సంగతి ఇకముందు.

2010 డిసెంబరులో ఎయిర్‌బస్ నియోను ప్రకటించింది. 2011 జూలైలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 460 విమానాల ఆర్డరులో సింహభాగం ఎయిర్‌బస్‌కు ఇవ్వగానే బోయింగ్ కంగారుపడి, కొత్త విమానం తయారుచేయాలన్న ఆలోచన మాని, 1960ల నాటి 737కే కొత్త ఇంజన్లు తగిలించి మాక్స్ అని పేరు పెట్టింది. దానికి తొలి పెద్ద ఖాతాదారు సౌత్‌వెస్ట్, చవక సంస్థలన్నిటికీ ఆదిగురువు, 737 తప్ప మరొకటి నడపని సంస్థ. ఆ బేరంలో ఒక షరతు ఉంది. మాక్స్‌కు మారే పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరి అయితే, ఒక్కొక్క విమానానికి 10 లక్షల డాలర్ల చొప్పున బోయింగ్ తగ్గింపు ఇవ్వాలి. అమెరికా ప్రతినిధుల సభ రవాణా సంఘం 2020 సెప్టెంబరు నివేదికలో ఈ షరతు నమోదైంది. అంటే శిక్షణ అవసరమని ఒప్పుకున్న ప్రతిసారీ అమ్మేవాడికి నష్టం. ఎంక్యాస్ అనే కొత్త నియంత్రణ ఏర్పాటు గురించి పైలట్ల పుస్తకంలో ఒక్క వాక్యం కూడా లేకపోవడానికి ఈ ఒక్క షరతే కారణమని నేను అనను. కానీ ఆ మౌనానికి బహుమతి కట్టిన కాగితం ఇది.

2017లో ఇండొనేషియాకు చెందిన చవక సంస్థ లయన్ ఎయిర్ తన పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ కావాలని అడిగితే, బోయింగ్ ఉద్యోగులు వద్దని నచ్చజెప్పారు. లోలోపల వాళ్ళను మూర్ఖులని హేళన చేసుకున్న సందేశాలు 2020 జనవరిలో బయటపడ్డాయి. 2018 అక్టోబరులో ఆ లయన్ ఎయిర్ మాక్సే జావా సముద్రంలో కూలి 189 మంది మరణించారు. కెప్టెన్ మన ఢిల్లీ కుర్రవాడు. ఐదు నెలల తరువాత ఇథియోపియాలో మరో 157 మంది. మొత్తం 346. ఆ తరువాత 2020 నవంబరులో అమెరికా నియంత్రణ సంస్థ మాక్స్‌కు సిమ్యులేటర్ శిక్షణను తప్పనిసరి చేసింది. ఏది రాకూడదని 10 లక్షల డాలర్ల పందెం కాశారో సరిగ్గా అదే.

బేరగాళ్ళకు ఇది కూడా ఆషాఢమే అయింది! 2020 డిసెంబరులో రయానెయిర్ మరో 75 మాక్స్‌లు కోరింది. 2021 నవంబరులో, ఇంకా ఎగరని మన ఆకాశ ఎయిర్ 72 మాక్స్‌లకు ఆర్డరు పెట్టింది. ఎయిర్‌బస్ వరుస నిండిపోయిన రోజుల్లో ఆలస్యంగా వచ్చినవాడికి వేరే దారి లేదు గనుక నేను ఆకాశను తప్పుపట్టను. ఆ సంస్థకు తరువాత బోయింగ్ ఆలస్యాల వల్ల, నియమించుకున్న పైలట్లకు విమానాలు చాలక, జీతమిచ్చి కూర్చోబెట్టవలసి వచ్చింది. కొందరి దగ్గర పైలట్లున్నారు, విమానాలు లేవు. దీనికి తలకిందులైన కథ మరొకటి కాసేపట్లో వస్తుంది.

ఇంజన్ల బేరం ఎలా బెడిసికొట్టిందో గో ఫస్ట్ చెబుతుంది. ఇండిగో, గో ఎయిర్ రెండూ తమ నియోలకు ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లనే ఎంచుకున్నాయి. ఇంధనం తక్కువ తాగుతుందన్నారు, ధర కుదిరింది. 2018 మార్చిలో రెండు సంస్థలవీ కలిపి 11 విమానాలను మన నియంత్రణ సంస్థ నేలమీద నిలిపివేసింది. ఇండిగో 2019లో 280 విమానాలకు పోటీదారు ఇంజన్లను 2,000 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందంతో తీసుకుని, రెండు పడవల మీద కాళ్ళు పెట్టి బయటపడింది. చిన్నదైన గో ఫస్ట్‌కు రెండో పడవ లేదు. సగం విమానాలు నేలకు అతుక్కుపోగా, ఇంజన్లవాడే ముంచాడని ఆరోపిస్తూ 2023 మే 2న దివాలా దరఖాస్తు పెట్టింది. ఆ ఆరోపణ నిరాధారమని ప్రాట్ అన్నది. కౌలుసంస్థలు తమ విమానాలను తాము తీసుకుపోవడానికి 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు తీర్పు దాకా ఆగవలసి వచ్చింది. దాని ఫలితంగా కౌలుదారు కన్న భూస్వామి హక్కులు ముందనే చట్టం 2025లో మన పార్లమెంటు చేసింది. చట్టం సబబే కావచ్చు. కానీ ముందే టికెట్టు కొన్న ప్రయాణికుడి డబ్బుకు ఇంత చురుకుగా చట్టం చేసినవారెవరూ లేరు.

ఇప్పుడు "వాళ్ళ బేరం, మనకేమిటి" అన్నవారిని అడుగుతున్నాను. 2024 ముగిసేనాటికి ఎయిర్‌బస్ అప్పగించవలసిన విమానాలు 8,600 దాటాయి. ఆ వరుసలో ఇండిగో చోట్లు వందల కొద్దీ. 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకు ఆర్డరు పెట్టిన ఎయిరిండియాది మరో వాటా. దేశీయ ప్రయాణికుల్లో దాదాపు 90 శాతం ఈ రెండు సమూహాలవారే. రేపు విజయవాడలోనో వరంగల్‌లోనో ఒకాయన డబ్బు, తెలివి, క్రమశిక్షణ అన్నీ పెట్టుకుని విమానసంస్థ ప్రారంభిస్తానంటే, అతడికి కొత్త ఎ320 దొరికేది రాబోయే దశాబ్దంలోనే. లేదా నేటి ధరకు, కౌలుకు. ఊరిలో బావులన్నీ ఒకరిద్దరు ముందే బయానా ఇచ్చి పట్టుకుని, "నీళ్ళ వ్యాపారంలో ఎవరైనా పోటీపడవచ్చు" అన్నట్టుంది. టికెట్టు ధరల మీద విచారణలు జరుపుతారే గానీ, పోటీని పదేళ్ళ ముందే తేల్చివేసే ఈ వరుస వైపు ఏ సంస్థా తల తిప్పి చూడదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ధర రహస్యంగానే ఉంచుకోండి. శిక్షణతో, భద్రతతో ముడిపడిన ప్రతి షరతూ నియంత్రణ సంస్థ ముందు ఉండాలి. ఎన్ని విమానాలు ఏ ఏడాది వస్తాయో చెప్పినవాడు, వాటిని నడిపేందుకు ఎందరు పైలట్లను ఎప్పటికి తయారుచేస్తాడో కూడా రాసి ఇవ్వాలి. "ఇవన్నీ పెడితే టికెట్టు ధర పెరుగుతుంది" అంటాడు మా బావమరిది. పెరగవచ్చు. 2025 డిసెంబరు మొదటివారంలో పెరిగినంత పెరగదు.

ఆ వారం గుర్తుంది కదా. పైలట్లకు వారానికి 36 గంటల బదులు 48 గంటల విశ్రాంతి, రాత్రి దిగడాలకు ఆరు బదులు రెండు అనే హద్దు. ఈ నిబంధనలు 2024 జనవరిలోనే వెలువడ్డాయి, వాయిదాలు పడి, 2025 జూలై, నవంబరు నెలల్లో రెండు విడతలుగా అమలయ్యాయి. డిసెంబరు 5న ఒక్క రోజే ఇండిగో వేయికి పైగా విమానాలను రద్దు చేసింది. శంషాబాద్‌లోనూ పెట్టెల గుట్టలు పడ్డాయి. మిగిలిన సంస్థల టికెట్లు ఆకాశానికి అంటితే కేంద్రం ధరలకు హద్దు కట్టవలసి వచ్చింది: 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, అక్కడినుంచి దూరాన్నిబట్టి 18,000 దాకా. ఆపై ఇండిగోకే రాత్రి విధుల నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చారు. దేశంలో ముగ్గురిలో ఇద్దరు ఒకే సంస్థ విమానం ఎక్కుతున్నప్పుడు దాన్ని దండించడమూ కష్టమే, ఆపడమూ కష్టమే.

మా బావమరిది ఆ వారం ఫోన్ చేయలేదు. తరువాత చేశాడు, "ఏదో ఒకసారి జరిగింది బావా, అంత పెద్ద సంస్థకు ఆమాత్రం..." అంటూ. నన్ను ఖండించదలచినవారు కూడా ఖండించండి, సంతోషమే. మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి: 2030ల విమానాలకు 2023లోనే వరుసలో చోటు పట్టుకున్న సంస్థకు, దాదాపు రెండేళ్ళ ముందే తెలిసిన నిబంధనకు, ఆ నవంబరులో కావలసిన పైలట్ల లెక్క ఎందుకు తేలలేదు?